బ్యాటరీ రంపం కొనబోయే పట్టు రైతులకు

(పనిముట్లు చూసుకోవడానికి చెన్నైకి వచ్చిన సరిహద్దు గ్రామాల పట్టు రైతుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



హోసూరు, డెంకణికోట, సూళగిరి, బేరికె వైపు నుంచి బస్సుల్లోనూ, కుప్పం వైపు నుంచి రైల్లోనూ మీరంతా ఇంత దూరం వచ్చారు. 1996లో ఈ ఊరి పేరు చెన్నైగా మారినా మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఇది ఇప్పటికీ మద్రాసే. మద్రాసుకు వెళ్తే ఏదో ఒక పనిముట్టు కొనుక్కురావడం మనకు అలవాటు. ఇప్పుడు అందరి కళ్ళూ బ్యాటరీతో నడిచే పనిముట్ల మీద ఉన్నాయి. గ్రామాలకు వచ్చినప్పుడు మల్బరీ రకాల గురించి అడిగే వారికంటే, "సార్, వైరు లేకుండా తిరిగే ఆ గుండ్రటి బిళ్ళ రంపం కొనొచ్చునా? కొంటే ఏది కొనాల?" అని అడిగేవారే నాకు ఎక్కువగా కనబడుతున్నారు. అంగళ్ళలో దీన్ని కార్డ్‌లెస్ సర్క్యులర్ సా అంటారు. మనం బ్యాటరీ రంపం అనుకుందాం.

ఈ ప్రశ్నకు ఇన్నాళ్ళూ నేను అంత విలువ ఇవ్వలేదు. వడ్రంగి పనిముట్టుతో మనకేం పని, ఆకు, పురుగు, గూడు చూసుకుంటే చాలు అనుకున్నాను. ఒక సంఘటన చూశాక నా ఆలోచన మారింది.

మన సరిహద్దు గ్రామంలోనే ఒక రైతు కొత్తగా పెంపకపు షెడ్డు కట్టాడు. చాకీ కేంద్రంలో పురుగులకు చెప్పి పెట్టాడు. రెండో జ్వరం దాటిన పురుగులు సోమవారం వస్తాయి. స్టాండ్లు మాత్రం సగమే అయ్యాయి. వస్తానన్న వడ్రంగి పెళ్ళికని ఊరికి పోయాడు. షెడ్డు పొలంలో ఉంది. అక్కడికి కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆదివారం రాత్రి కరెంటు రాగానే, ఇనుము కోసే చేతి గ్రైండరుకు చెక్క కోసే పళ్ళ బిళ్ళ బిగించి ఆయనే పనికి దిగాడు. నాలుగో ముక్క దగ్గర బిళ్ళ చెక్కలో పట్టుకుంది, మిషను తన్నింది. పురుగులు అనుకున్న రోజుకే వచ్చాయి. ఇరుగుపొరుగువాళ్ళు, ఇంటి ఆడవాళ్ళు ఆకు వేసి పంట గట్టెక్కించారు. ఆయన ఎడమచేతి బొటనవేలు మాత్రం ఈనాటికీ ఒక కొమ్మను గట్టిగా పట్టుకోలేదు. పట్టు రైతు పనంతా చేతివేళ్ళదేనని మీకు తెలుసు.

అందుచేత మొట్టమొదట ఒక మనవి. బ్యాటరీ రంపం కొనండి, కొనకపోండి, గ్రైండరుకు రంపపు బిళ్ళ మాత్రం బిగించవద్దు. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి చెక్క మీద ఆనించే పలక లేదు. బిళ్ళను కింది నుంచి కప్పే గార్డు లేదు. అది ఇనుము కోయడానికి, రుద్దడానికి చేసిన వస్తువు. "మా ఊళ్ళో అందరూ అట్లే చేస్తారు సార్" అంటారు. చేస్తారు, నాకూ తెలుసు. అట్లా చేసి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఎవరెవరో ఒకసారి మనసులో లెక్క వేసుకోండి.

ఇక కొనే విషయానికి వద్దాం. అంగడికి పోయే ముందు, మీరు కోయబోయేది ఏమిటో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. ఈ పని చేయకుండా వచ్చినవాళ్ళే ఎక్కువగా మోసపోతారు.

మీ స్టాండ్లు ఇనుప యాంగిల్‌తో చేయించే ఉద్దేశం ఉంటే, ఈ రంపంతో మీకు పని లేదు. చెక్క కోసే బిళ్ళ ఇనుముకు పనికిరాదు. వెల్డింగు చేసే మనిషి తన మిషనుతో తానే కోసుకుంటాడు. నీలగిరి, సరుగుడు కర్రలు నిలబెట్టి, వెదురుతో అరలు కట్టే పాత పద్ధతి అయితే అప్పుడు కూడా ఈ రంపం అంతగా అక్కరకు రాదు. కారణం చెబుతాను. ఈ రంపానికి అడుగున ఒక చదునైన పలక ఉంటుంది. అది చెక్క మీద చదునుగా కూర్చుంటేనే బిళ్ళ నిటారుగా దిగుతుంది. గుండ్రటి కర్ర మీద పలక కూర్చోదు, కర్ర కింద దొర్లుతుంది. దొర్లిందంటే బిళ్ళ ఇరుక్కుంటుంది, ఇరుక్కుంటే తన్నుతుంది. అట్లాంటి కర్రలకు విల్లు రంపమే మేలు. ఇద్దరు మనుషులు, కర్రను కదలకుండా పట్టే కత్తెరకాళ్ళ గుర్రం ఒకటి ఉంటే చాలు. అయినా బ్యాటరీ మిషనే కావాలంటే, ముందుకూ వెనక్కూ ఆడే పొడుగు బ్లేడు రంపం వేరే ఉంది. దాని పేరు రెసిప్రొకేటింగ్ సా. ఈ రెండింటినీ ఒకటే అనుకుని కొన్నవాళ్ళను చూశాను.

బ్యాటరీ రంపం అక్కరకు వచ్చేది సామిల్లులో కోయించిన చదును కలపకు, రీపర్లకు, పలకలకు, ప్లైవుడ్డుకు. మన పనిలో ఇవి ఎక్కడ వస్తాయంటే, చెక్క స్టాండ్లలో, చాకీ తట్టల అంచుల్లో, తలుపుల్లో, అన్నిటికంటే ముఖ్యంగా ఊజీ ఈగ రాకుండా కిటికీలకు వేసే నైలాను వల చట్రాల్లో. ఈ చట్రాల దగ్గర కాస్త ఆగుదాం. నాలుగు మూలలూ సరిగ్గా లంబంగా కోస్తేనే చట్రం కిటికీలో బిగువుగా కూర్చుంటుంది. మూల ఒంకరైతే ఒక పక్క సందు మిగులుతుంది. ఆ సందు మనకు కనపడదు గాని ఈగకు కనపడుతుంది. పురుగు మీద ఊజీ గుడ్డు పడిన తర్వాత రంపాన్ని తిట్టుకుంటే లాభం లేదు. చేతి రంపంతో ఒంకర లేకుండా కోయడానికి నేర్పు కావాలి. ఈ రంపం మంచిదైతే, అడుగు పలక ఒక మూలమట్టానికి ఆనించి నడిపిస్తే కొత్తవాడు కూడా సూటిగా కోయగలడు. నన్ను అడిగితే, పట్టు రైతుకు ఈ పనిముట్టు ఇవ్వగలిగిన పెద్ద లాభం వేగం కంటే ఈ సూటితనమే.

ఇప్పుడు బిళ్ళ సైజు. అంగట్లో మూడు రకాలు చూపిస్తారు. 12 వోల్టుల చిన్న మిషన్లకు 85 మి.మీ. బిళ్ళ ఉంటుంది, కోత లోతు సుమారు 26 మి.మీ. ఒక అంగుళం పలక వరకు సరి. అరచేతిలో ఇమిడిపోయి ముచ్చటగా ఉంటుంది, ధర కూడా తక్కువ. స్టాండ్ల పనికి మాత్రం చాలదు. ఎక్కువగా దొరికేది 18 వోల్టుల మిషను, 165 మి.మీ. బిళ్ళ. మన లెక్కలో ఆరున్నర అంగుళాలు. ఇది నిటారుగా 55 నుంచి 57 మి.మీ. వరకు కోస్తుంది. రెండంగుళాల మందం ఒకే దెబ్బకు తెగుతుంది. పెద్దది 185 లేక 190 మి.మీ. బిళ్ళ. అది 65 మి.మీ. దాకా పోతుంది.

పెద్దదే తీసుకుంటే పోతుంది కదా అనిపిస్తుంది. మన స్టాండు గుంజలు సాధారణంగా మూడంగుళాలవి, అంటే 75 మి.మీ. చిన్న బిళ్ళా ఒకే దెబ్బకు కోయదు, పెద్ద బిళ్ళా కోయదు. రెండింటితోనూ ఒక పక్క కోసి, గుంజను తిరగేసి రెండో పక్క కోయవలసిందే. మరి పెద్దదానికి ఎక్కువ డబ్బు, ఎక్కువ బరువు, ఎక్కువ బ్యాటరీ ఎందుకు? 165 మి.మీ. రకమే మనకు సరిపోతుందని నా అభిప్రాయం. బ్యాటరీతో కలిపి అది మూడు, నాలుగు కిలోలు తూగుతుంది. అంగట్లో ఎత్తి చూసినప్పుడు తేలికగానే ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్ళు కూడా వాడేటట్లయితే వాళ్ళ చేతికిచ్చి చూడమనండి, పిడి మందం వాళ్ళ చేతికి కుదరాలి.

వోల్టుల దగ్గర ఒక చిక్కు ఉంది. ఒక పెట్టె మీద 18 వోల్టులని, పక్క పెట్టె మీద 20 వోల్టులు మ్యాక్స్ అని రాసి ఉంటుంది. 20 పెద్దది కనుక బలం ఎక్కువని అంగడివాడు చెబుతాడు. నిజానికి రెండూ ఒకటే. రెండింటి లోపలా వరుసగా అయిదు లిథియం సెల్లులు ఉంటాయి. ఒక్కొక్క సెల్లు వోల్టేజి నడిచేటప్పుడు సగటున 3.6. అయిదింటికి 18. నిండుగా చార్జి అయిన వెంటనే ఒక్కొక్కటి సుమారు 4 వోల్టులు, అయిదింటికి సుమారు 20. ఒక కంపెనీ ఆ లెక్క రాస్తుంది, ఇంకో కంపెనీ ఈ లెక్క రాస్తుంది. రెండు వోల్టుల కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

చూడవలసిన అంకె వేరే ఉంది. బ్యాటరీ మీద ఆంపియర్ అవర్ అని, పొడి అక్షరాల్లో ఎ.హెచ్. అని ఉంటుంది. వోల్టులను దీనితో గుణిస్తే బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉందో తెలుస్తుంది. 18 వోల్టులు, 2 ఎ.హెచ్. అయితే 36 వాట్ అవర్లు. 4 ఎ.హెచ్. అయితే 72. 5 ఎ.హెచ్. అయితే 90. ఈ 90 అంటే ఎంతనుకున్నారు? వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె అయిదు నిమిషాల చిల్లర తాగే కరెంటు. అంతే.

ఇది మన పనికి చాలుతుందా? ఒక లెక్క వేద్దాం. 40 అడుగుల పొడుగు, 5 అడుగుల వెడల్పు, నాలుగు అరల స్టాండు తీసుకోండి. అయిదేసి అడుగులకు ఒక జత గుంజలు పెడితే తొమ్మిది జతలు, అంటే 18 గుంజలు. ప్రతి జతకూ నాలుగు అడ్డపట్టీలు, మొత్తం 36. పొడుగు పట్టీలు అరకు రెండు వరుసలు, పది అడుగుల కలపైతే మొత్తం 32. అన్నీ కలిపి 86 ముక్కలు. రెండు కొసలూ సరిచేస్తే 172 కోతలు. ఒక కోతకు నాలుగు సెకన్లు వేసుకుంటే బిళ్ళ చెక్కలో ఉండేది పదకొండున్నర నిమిషాలు. కోసేటప్పుడు మోటారు 600 వాట్లు లాగుతుందనుకుంటే, దాదాపు 115 వాట్ అవర్లు కావాలి. రెండంగుళాల కలపకు వేసిన లెక్క ఇది. మూడంగుళాల గుంజలను తిరగేసి కోస్తే ఇంకొంచెం పెరుగుతుంది. 4 ఎ.హెచ్. బ్యాటరీలు రెండు ఉంటే 144. ఒక స్టాండు మొత్తం ఆగకుండా అయిపోతుంది. అదే 2 ఎ.హెచ్. బ్యాటరీ ఒక్కటే ఉంటే మూడుసార్లు ఇంటికి పరుగెత్తి చార్జి పెట్టుకుని రావాలి. పైగా చిన్న బ్యాటరీ బరువైన కోతకు త్వరగా వేడెక్కి నిలిచిపోతుంది.

ఇక్కడే ఒక మోసం గురించి హెచ్చరించాలి. మోసమని కూడా అనలేం, పెట్టె మీద రాసే ఉంటుంది. "బేర్ టూల్" లేక "సోలో" అని రాసి ఉంటే లోపల మిషను మాత్రమే ఉంటుంది. బ్యాటరీ లేదు, చార్జరు లేదు. కుప్పం వైపు రైతు ఒకాయన ధర చూసి సంతోషంగా కొనుక్కుని ఊరికి పోయి, పెట్టె తెరిచి చూసుకుని మళ్ళీ రైలెక్కాడు. బ్యాటరీలూ చార్జరూ విడిగా కొంటే చాలాసార్లు మిషను ధరంత అవుతుంది, అంతకు మించుతుంది కూడా. అందుచేత ధర అడిగినప్పుడు "రెండు బ్యాటరీలు, చార్జరు, బిళ్ళ, అన్నీ కలిపి ఎంత?" అని అడగండి.

ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా ఇంకో కంపెనీ మిషనుకు పట్టదు. ఒకసారి ఒక కంపెనీ బ్యాటరీ కొన్నారంటే, రేపు డ్రిల్లు మిషను కొన్నా, మల్బరీ కొమ్మల కత్తెర కొన్నా ఆ కంపెనీదే కొనవలసి వస్తుంది. కాబట్టి రంపం ఒక్కటే చూసి తీర్మానించకండి. ఆ కంపెనీ అదే బ్యాటరీతో నడిచే డ్రిల్లు, కొమ్మల కత్తెర, చిన్న చెయిన్ రంపం, స్ప్రేయరు అమ్ముతున్నదా? వాటిలో మీకు కావలసినవి ఎన్ని? మకీటా, బాష్, డివాల్ట్ వంటి పేర్లు మీరు విన్నారు. ఫలానాది కొనండని నేను చెప్పను. హోసూరు, వేలూరు, బెంగళూరు, చిత్తూరు వీటిలో మీరు ఉదయం పోయి సాయంత్రానికి తిరిగి రాగల ఊరిలో ఏ కంపెనీకి సర్వీసు ఉందో, అది మీకు మంచి కంపెనీ. చెన్నైలో మాత్రమే సర్వీసు ఉన్న మిషను ఎంత గొప్పదైనా పాడయిన రోజున అది మీకు ఒక బరువు.

బ్రష్‌లెస్ మోటారు అని ఒకటి చెబుతారు. పాత రకం మోటార్లలో కార్బన్ బ్రష్షులు అరిగిపోతుంటాయి, మార్చుకోవాలి. బ్రష్‌లెస్ మోటారులో అవి లేవు. వేడి తక్కువ, అదే బ్యాటరీతో ఎక్కువ కోతలు. ధర ఎక్కువ. ఏటా ఏదో ఒక చెక్కపని ఉండేవారికి అది దండగ కాదు. ఒక్క షెడ్డుకే కొనేవారికి మామూలు మోటారు చాలు.

ఒక చిన్న ముచ్చట. చేతితో పట్టుకునే ఈ విద్యుత్ రంపం పుట్టుకలో చెరకు తోట ఉంది. 1920లలో అమెరికాలో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన, న్యూ ఆర్లియన్స్ ప్రాంతంలో చెరకు నరికే కూలీల కష్టం చూసి కత్తికి మోటారు కట్టాలని ప్రయత్నం చేశాడట. దాని నుంచే చెక్క రంపం ఆలోచన వచ్చింది. 1924లో ఆ రంపాల కంపెనీ మొదలైంది. బ్యాటరీ రంపాలకు నిజమైన బలం మాత్రం 2005 ప్రాంతంలో లిథియం బ్యాటరీలు పనిముట్లలోకి వచ్చాకనే వచ్చింది. అంతకు ముందు బ్యాటరీలు బరువు ఎక్కువ, పని తక్కువ. మన చిత్తూరు చెరకు రైతులకు ఈ కథ నచ్చుతుందని చెప్పాను.

బిళ్ళ సంగతి చాలామంది పట్టించుకోరు. మిషను మీద వేలు పెడతారు, బిళ్ళ దగ్గర వంద రూపాయలకు బేరం ఆడతారు. బ్యాటరీ రంపానికి పదును పోయిన బిళ్ళ కంటే పెద్ద శత్రువు లేదు. మొద్దుబిళ్ళ బ్యాటరీని తాగేస్తుంది, చెక్కను కాలుస్తుంది, చివరకు మనం బలంగా నొక్కేటట్లు చేస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. పళ్ళ కొసలకు కార్బైడు ముక్కలు అతికిన బిళ్ళ తీసుకోండి. 24 పళ్ళ బిళ్ళ కలపను త్వరగా కోస్తుంది, అంచు కాస్త గరుకు. 40 పళ్ళది ప్లైవుడ్డుకు, వల చట్రాలకు బాగుంటుంది. రెండూ ఒక్కొక్కటి ఉంచుకోండి. పలుచని బిళ్ళ తక్కువ చెక్కను పొట్టు చేస్తుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. నడిమి రంధ్రం మీ మిషను ఇరుసుకు సరిపోవాలి. 165 మి.మీ. బిళ్ళల్లో 20 మి.మీ. రంధ్రం ఎక్కువ, వేరేవీ ఉన్నాయి. వదులైన బిళ్ళకు రేకు చుట్టి బిగించే తెలివి వద్దు. బిళ్ళ మీద రాసిన గరిష్ఠ వేగం మిషను వేగం కంటే తక్కువ ఉండకూడదు. నీలగిరి పలక కోసిన తర్వాత పళ్ళకు జిగురు పడుతుంది. బిళ్ళ విప్పి సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

అంగట్లో ఏం చేసి చూడాలో చెబుతాను. సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషను పోతే హైకోర్టు. అక్కడి నుంచి పారిస్ కార్నరు వెనక సెంబుదాస్ వీధి, ఎర్రబాలు చెట్టి వీధి, ఆ చుట్టుపక్కల హార్డ్‌వేరు అంగళ్ళు వరుసగా ఉంటాయి. ఎర్రబాలు అన్న పేరే తెలుగులా పలుకుతుంది, అంగళ్ళలోనూ తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారు, మొహమాటం లేకుండా అడగండి. ఆదివారం చాలావరకు మూసి ఉంటాయి.

మొదట బ్యాటరీ తీయించండి. కింది గార్డును వేలితో పూర్తిగా వెనక్కి లాగి వదలండి. టక్కున వచ్చి బిళ్ళను కప్పాలి. మెల్లగా జారితే, మధ్యలో ఆగితే ఆ మిషను వద్దు. అడుగు పలకకూ బిళ్ళకూ మధ్య మూలమట్టం పెట్టి చూడండి. లోతు మార్చే మీటను రెండుసార్లు కదిపి బిగించి చూడండి, మళ్ళీ వదులు కాకూడదు. తర్వాత బ్యాటరీ పెట్టించి నడిపించమనండి. స్విచ్చి ఒక్కటి నొక్కితే తిరగకూడదు, పక్కనున్న తాళం బొత్తాం కూడా నొక్కితేనే తిరగాలి. స్విచ్చి వదిలాక బిళ్ళ ఎంతసేపు తిరుగుతుందో చూడండి. బ్రేకు ఉన్న మిషనులో ఒకటి రెండు సెకన్లలో నిలుస్తుంది. బ్రేకు లేనిది అలా తిరుగుతూనే ఉంటుంది, మీరు దాన్ని కాలి పక్కన పెట్టేస్తారు. డబ్బు తగ్గించుకోవాలంటే పెట్టె, అదనపు బిళ్ళలు, ఏదైనా వదులుకోండి, బ్రేకు వదులుకోవద్దు. కొన్ని మిషన్లలో బిళ్ళ ఎడమ పక్క, కొన్నింటిలో కుడి పక్క ఉంటుంది. మీ చేతివాటానికి గీసిన గీత ఎందులో బాగా కనబడుతుందో అది తీసుకోండి.

వాడకం దగ్గర నాలుగు మాటలు. బిళ్ళ చెక్క కిందికి ఒక పన్ను ఎత్తు మాత్రమే దిగేటట్లు లోతు పెట్టుకోండి. రెండు చేతులూ మిషను మీదే ఉండాలి, చెక్కను క్లాంపుతో బిగించాలి గాని మోకాలితో తొక్కకూడదు. పలకను రెండు పక్కలా ఎత్తు మీద పెట్టి నడుమ కోస్తే, తెగేటప్పుడు రెండు ముక్కలూ లోపలికి వంగి బిళ్ళను నొక్కేస్తాయి. రంపం ఎగిరి మీ మీదికే వస్తుంది. తెగిపోయే ముక్క కిందికి స్వేచ్ఛగా పడేటట్లు ఆధారాన్ని ఒక పక్కనే ఉంచాలి. మీరు బిళ్ళకు నేరుగా వెనక నిలబడవద్దు, కొంచెం పక్కకు. గార్డు అడ్డం వస్తున్నదని కొందరు దాన్ని వెనక్కి లాగి తీగతో కడతారు. అట్లాంటి మిషను ఎవరైనా అరువిచ్చినా ముట్టవద్దు. బిళ్ళ మార్చేటప్పుడు ముందు బ్యాటరీ తీసి జేబులో వేసుకోండి. తువ్వాలు, లుంగీ కొసలు, చీర చెంగు దోపుకోండి. కంటికి అద్దాలు పెట్టుకోండి.

ఇక మన పురుగు సంగతి. ఏ రంపం అంగడివాడూ ఇది మీకు చెప్పడు. చెక్కపని షెడ్డు బయటే చేయండి. రంపపు పొట్టు తేమ పీల్చి బూజు పడుతుంది. చెక్క, వెదురు సామాన్ల మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ బూజు లేత పురుగులకు రోగం తెస్తుంది. చెక్కపని అంతా అయ్యాక, పొట్టు ఊడ్చి, కడిగి, ఆ తర్వాతే 2 శాతం బ్లీచింగ్ పౌడరును 0.3 శాతం సున్నపు నీటిలో కలిపిన ద్రావణంతో శుద్ధి చేయాలి. శుద్ధి చేశాక మళ్ళీ రంపం తెచ్చి ఒక్క ముక్క కోసినా శుద్ధి చెడినట్లే. కాబట్టి పురుగులు వచ్చే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి, కనీసం పది రోజుల ముందే చెక్కపని ముగించండి. నేను మొదట చెప్పిన రైతుకు గ్రైండరు కంటే ముందు ద్రోహం చేసింది ఆ తేదీ.

కలప కొనేటప్పుడు చెదలకు మందు కొట్టారా అని అడగండి. చెద మందులు పురుగు మందులే. మల్బరీ ఆకు మీద కాస్త తగిలితేనే చచ్చే పురుగు, మందు పూసిన చెక్క మీద పడుకుని బతుకుతుందా? మందు పూసిన చెక్కను రంపంతో కోస్తే ఆ పొడి మీ బట్టల మీద, చేతుల మీద పడి ఆకు దాకా వస్తుంది. అట్లాంటి చెక్క పశువుల కొట్టానికి వాడుకోండి గాని పెంపకపు షెడ్డులోకి తేవద్దు.

బ్లీచింగ్ ఆవిరి రంపానికీ మంచిది కాదు, ఇనుము తుప్పు పడుతుంది. మిషనును, బ్యాటరీలను షెడ్డులో పెట్టకండి. బ్యాటరీని రేకుల కప్పు కింద ఎండ వేడిలో చార్జి చేయకండి. కోసి తీసిన వేడి బ్యాటరీని కాసేపు నీడన చల్లారనిచ్చి చార్జరులో పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో ఇంట్లో చల్లని చోట దాచండి. ఉబ్బిన బ్యాటరీ, పగిలిన బ్యాటరీ చెత్తకుప్పలో వేయకూడదు, కాల్చకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. సర్వీసు కేంద్రంలో ఇవ్వండి. సగం ధరకు దొరికే పోలిక బ్యాటరీలు కొనవద్దు. పైకి అదే రంగు, అదే ఆకారం. లోపల వేడిని, అధిక చార్జిని ఆపే ఏర్పాటు ఉంటుందన్న నమ్మకం లేదు. చుట్టూ ఎండు చెక్క, పక్కన గడ్డివామి ఉండే ఇళ్ళు మనవి.

"ఈ రంపంతో మల్బరీ కొమ్మలు కోయొచ్చునా?" అని తప్పకుండా అడుగుతారు. కూడదు. కొమ్మ మీద అడుగు పలక ఆనదు, కొమ్మ కదులుతుంది, రంపం తన్నుతుంది. బెరడు చీలిపోయి మోడు ఎండుతుంది, కుళ్ళు రోగాలకు దారి దొరుకుతుంది. లేత కొమ్మకు కత్తెర, ముదురు కొమ్మకు చేతి రంపం. చెట్టు మల్బరీ ఎక్కువ ఎకరాలు ఉన్నవారు బ్యాటరీ కొమ్మల కత్తెర చూడండి. నేను బ్యాటరీ కుటుంబం చూసుకొమ్మన్నది అందుకే. రంపం ఏడాదికి పది రోజులు పని చేస్తే, కత్తెర ప్రతి పంటకూ పని చేస్తుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు కత్తెర కొనండి.

ఒక్క స్టాండు కోసమైతే కొనకండి. వడ్రంగికి కూలి ఇచ్చి చేయించుకోవడమే చవక. అయిదారుగురు రైతులు కలిసి కొంటే బాగుంటుంది, కాని ముందే ఒక మాట అనుకోండి. మిషను ఎవరి ఇంట్లో ఉంటుంది, బిళ్ళ ఎవరు మారుస్తారు, పాడయితే ఎవరు సర్వీసుకు తీసుకుపోతారు. గ్రామంలో వాడడం బాగా తెలిసిన ఒక్క మనిషి చేతిలోనే మిషను ఉంచితే మరీ మంచిది. కొన్న రోజునే ఇద్దరు ముగ్గురు పిల్లలు దాని చుట్టూ చేరతారు. వాడని వేళ బ్యాటరీ ఒక చోట, మిషను ఒక చోట, రెండూ తాళం వేసి ఉండాలి.

చివరగా బిల్లు. జి.ఎస్.టి. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటారు, ఒప్పుకోకండి. బిల్లు మీద మిషను సీరియల్ నంబరు, రెండు బ్యాటరీల నంబర్లు రాయించుకోండి. గ్యారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. బ్యాటరీ గ్యారంటీ వేరు, మిషను గ్యారంటీ వేరు, రెండూ విడిగా అడగండి. పెట్టె అంగట్లోనే తెరిచి, లోపలి సామాన్లు బిల్లుతో సరిచూసుకుని రైలెక్కండి. ఇప్పుడు మీ కోతల చీటీలు తెచ్చినవారు ముందుకు రండి, ఎవరికి ఎన్ని ఎ.హెచ్. కావాలో ఇక్కడే కలిసి లెక్క వేద్దాం.